కడగక ముందు

మా షెడ్డులోకి కారు రాగానే మొదట జరిగే పని దాన్ని కడిగెయ్యడం. ఏ జబ్బుతో వచ్చిందో అడిగేది ఆ తర్వాతే. రాజమండ్రిలో నేను పనిచేసిన ఆ వర్క్‌షాపులో మొదటి నుంచీ అదే ఆచారం. పైపు పెట్టి బంపరు నుంచి డిక్కీ దాకా కొట్టి, లోపలి మ్యాట్లు తీసి కడిగి ఆరేసి, పెళ్ళికొడుకుని పీటల మీదకి తెచ్చినట్టు తీసుకొచ్చి మా ముందు నిలబెట్టేవారు. యజమానికి కళ్ళకి ఇంపు, మాకు చేతులకి బురద అంటదు. ఇందులో తప్పేముందని మీరంటారు. మేమూ అదే అనుకున్నాం.

నేను రిటైరయ్యాక ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు మా ఇంటికొచ్చి కూర్చుంటుంటారు. చేతిలో ఫోనంత పరికరం ఉంటుంది. దాన్ని కారుకి తగిలిస్తే జబ్బు పేరు అదే చెప్పేస్తుందట. "మీ రోజుల్లో ఇవేం లేకుండా ఎలా పట్టేవారండీ?" అని జాలిగా అడుగుతారు. వాళ్ళు జాలి పడితే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా కాఫీ ఇచ్చి, మండపేట కారు సంగతి చెప్పి పంపిస్తాను. మీకూ అదే చెప్తున్నాను.

తొంభైల చివర్లో మాట. అప్పుడప్పుడే మన వైపు ఏసీ కార్లు దిగుతున్నాయి. మండపేటలో ఒక రైస్‌మిల్లు యజమాని గారు అలాంటిది ఒకటి కొన్నారు. ఏ కంపెనీదో ఇప్పుడు అనవసరం. ఎక్కడో చలిదేశంలో తయారైన నమూనా, మన ఎండల్లో తిరుగుతోంది, అంతవరకూ గుర్తుంచుకోండి చాలు. ఆయన తన కోసం కొనలేదు, వాళ్ళమ్మగారి కోసం కొన్నారు. "మా అమ్మ ఒంటికి చెమట పట్టకూడదు" అని నలుగురిలో చెప్పుకుని మరీ కొన్నారు. వాళ్ళమ్మగారిని మిల్లులో అందరూ పెద్దమ్మగారు అనేవారు. భర్త పోయి చాలా ఏళ్ళయిన మనిషి. పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకుని వీలైనప్పుడల్లా వెళ్ళొచ్చేవారు.

ఆ కారుకి వచ్చిన జబ్బు, ఇంజిన్ వేడెక్కిపోవడం. రేడియేటర్లో పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియకుండా పోతున్నాయి. కంపెనీవాళ్ళు దాన్ని కూలెంట్ అంటారు, ఆకుపచ్చ రంగులో ఉంటుంది. మా షెడ్డులో అందరికీ అది నీళ్ళే. నీళ్ళు తగ్గితే ఇంజిన్ ఉడికిపోతుంది. మొదటిసారి ఆ కారు మా దగ్గరికి ఒక ధాన్యం లారీ వెనకాల తాడు కట్టించుకుని వచ్చింది. ఇంజిన్ హెడ్డు వంగిపోయింది. విప్పి, సాపు చేయించి, గ్యాస్కెట్ మార్చి, గొట్టాలన్నీ కొత్తవి వేసి పంపాం. ఇల్లలకగానే పండగ కాదంటారు కదా, కొద్దిరోజులకే మళ్ళీ వచ్చింది. అదే జబ్బు.

రెండోసారి రేడియేటరే మార్చాం. మూతా మార్చాం. నీళ్ళు తిప్పే పంపు విప్పి చూశాం. ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోంది. రేడియేటర్ మూతి దగ్గర చేతిపంపు బిగించి గాలి కొట్టి, దాని మీటరు ముల్లు వంక చూస్తూ కూర్చోవడం మా అసలు పరీక్ష. ఎక్కడ చిన్న చిల్లున్నా ముల్లు కిందికి జారుతుంది. నేను టీ తాగొచ్చి చూసినా, అన్నం తినొచ్చి చూసినా ఆ ముల్లు మేకు కొట్టినట్టు అక్కడే ఉంది. చుక్క కారడం లేదు. మూడోసారి వచ్చినప్పుడు కూడా అంతే.

కారు తెచ్చేది, తీసుకెళ్ళేది వాళ్ళ డ్రైవరు. నలభై దాటిన మనిషి, బక్కపల్చగా ఉండేవాడు. వాళ్ళ నాన్న ఆ మిల్లులోనే బస్తాలు మోసి చనిపోయాడు. భార్య ఇప్పటికీ ఆ మిల్లులోనే ధాన్యం ఎండబెడుతుంది. ఇద్దరాడపిల్లలు చర్చి బడిలో చదువుతున్నారు. ఆదివారం పొద్దున్న ప్రార్థనకి తప్ప ఇంకెప్పుడూ సెలవు అడగని మనిషని తర్వాత తెలిసింది. కారు మా షెడ్డులో ఉన్నంతసేపూ గోడ నీడన గొంతుక్కూర్చుని, ఆస్పత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడిలా మా మొహాలు చూస్తుండేవాడు.

మూడోసారి యజమాని గారే స్వయంగా మరో బండిలో వచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చల్లగా మాట్లాడే మనిషి. అరిచేవాళ్ళకంటే అలాంటివాళ్ళంటేనే నాకు భయం.

"మేస్త్రి గారూ, ఒక్క సంగతి చెప్పండి. నేను కార్లో కూర్చుని విజయవాడ వెళ్ళొచ్చాను, ఏమీ అవలేదు. కాకినాడ ఎన్నిసార్లు తిరిగానో నాకే లెక్క లేదు, ఏమీ అవలేదు. మా అమ్మని తీసుకుని వీడొక్కడే వెళ్ళినప్పుడే ఉడికిపోతుంది. కారుకి నేనంటే భయమాండీ?"

మా సూపర్‌వైజర్ నవ్వాడు. నేను నవ్వలేదు.

"అమ్మని గుడి దగ్గర దింపి వీడు ఎటో తిప్పుతున్నాడు. నీళ్ళు చూసుకోడు, వేడి చూపించే సూది చూసుకోడు. వాళ్ళ నాన్న మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. మీరు కార్లో లోపం ఉందంటే కారు బాగుచేయించుకుంటాను. కార్లో లోపం లేదంటే లోపం మనిషిలో ఉన్నట్టు. రేపటి నుంచి వీడు నా గుమ్మం ఎక్కక్కర్లేదు."

గోడ నీడన ఉన్నవాడికి ఇదంతా వినపడుతూనే ఉంది. తల ఎత్తలేదు. మండపేట లాంటి చోట ఒక మిల్లువారు తీసేసిన డ్రైవర్ని ఇంకో మిల్లువారు పెట్టుకోరు. ఇంజిన్ కాల్చేశాడన్న పేరు ఒక్కసారి పడిందంటే లారీ వాళ్ళు కూడా తాళం ఇవ్వరు. అంటే ఇప్పుడు ఆ ఇంటి పొయ్యి వెలగడం నేను చెప్పబోయే ఒక్క మాట మీద ఉంది. లోపం లేదని చెప్పడానికి నా దగ్గర అన్ని రుజువులూ ఉన్నాయి. అదే నన్ను బాధపెట్టింది.

మా సూపర్‌వైజర్ చెడ్డవాడేం కాదు, తొందరమనిషి. నన్ను పక్కకి పిలిచాడు. "ఎన్నాళ్ళు పెట్టుకు కూర్చుంటావయ్యా దీన్ని? ముల్లు కదల్లేదు కదా, లోపం లేదని చెప్పేద్దాం. బండి అబద్ధం చెప్పదు, మనుషులు చెప్తారు."

"బండి అబద్ధం చెప్పట్లేదండీ. మనం అడగాల్సింది అడగట్లేదేమో" అన్నాను. అది తెలివితో అన్న మాట కాదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

బయటికొచ్చి డ్రైవర్ని అడిగాను. "నిజం చెప్పవయ్యా. గుడి దగ్గర దింపి ఎక్కడికైనా వెళ్తావా?"

"లేదండి బాబూ. దేవుడి తోడండి. అమ్మగారు గుళ్ళోకెళ్తే నేను చెట్టుకింద బండాపుకుని కూర్చుంటానండి. పొద్దున్న బయల్దేరే ముందు నీళ్ళు చూస్తానండి, నిండుగా ఉంటాయండి. పెద్దాపురం వెళ్ళేసరికి సూది ఎగబాకుతుందండి. నాకేమీ అర్థం కావట్లేదండి." ఆఖర్న, "మా ఆడోళ్ళు నన్నే అడుగుతున్నారండి, ఏం చేస్తున్నావని" అన్నాడు.

అతను చెప్పింది నిజమైతే యజమాని గారు చెప్పిందీ నిజమే. ఆయన ఉంటే రాదు, ఆయన లేనప్పుడే వస్తుంది. అలాంటప్పుడు మా షెడ్డులో ఎంత గాలి కొట్టినా లాభం లేదు. నేను వెనక్కెళ్ళి యజమాని గారితో అన్నాను: "ఈసారి పెద్దమ్మగారు గుడికి వెళ్ళినప్పుడు నేనూ కార్లో వస్తానండి. తిరిగొచ్చాక నా మాట చెప్తాను."

ఆయన నా వంక చూసి, "ఆషాఢం జాతర నడుస్తోంది. ఎల్లుండే అమ్మ వెళ్తుంది. రండి. అప్పుడు చెప్పే మాటే ఆఖరు మాట" అన్నారు.

ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి మండపేట చేరాను. ఆషాఢమన్న మాటే గానీ వాన జాడ లేదు, ఎండ మే నెలని మరిపిస్తోంది. మిల్లు ఆవరణలో ఉడకబెట్టిన ధాన్యం చప్టా అంతా పరిచి, ఆడవాళ్ళు కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేస్తున్నారు. నేను బానెట్ ఎత్తి నీళ్ళు చూశాను. నిండుగా ఉన్నాయి, ఆకుపచ్చగా ఉన్నాయి. మూత బిగించాను. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నేను కాఫీ తాగి వచ్చేసరికి డ్రైవరు బానెట్ దించి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు కాబోలు అనుకున్నాను. మనిషి భయంలో ఉన్నాడు కదా.

పెద్దమ్మగారు వచ్చారు. సన్నగా, ఎత్తుగా, వెలిసిపోయిన నేత చీరలో ఉన్నారు. నుదుట బొట్టు లేదు. మొక్కు రోజు కాబట్టి చెప్పులు ఇంట్లోనే వదిలేశారు. వెనక సీట్లో కూర్చుంటే ఆవిడకి కడుపులో తిప్పుతుందట, ఎప్పుడూ ముందు సీటే. నేను వెనక కూర్చున్నాను. యజమాని గారు అద్దం దగ్గరికొచ్చి డ్రైవర్‌తో, "ఏసీ ఆపకు. అమ్మకి ఉక్కపోయకూడదు" అన్నారు.

ద్వారపూడి దాటాం. పక్కన కాలవ నిండుగా పారుతోంది, ఊడ్పులు మొదలయ్యాయి. నా దృష్టంతా డ్రైవర్ ముందున్న సూది మీదే ఉంది. పెద్దమ్మగారు ఓసారి వెనక్కి తిరిగి, "ఏం బాబూ, వీడి ఉద్యోగం నీ చేతుల్లో ఉందటగా?" అన్నారు.

"నా చేతుల్లో ఏముందండీ, కారు చేతుల్లో ఉంది."

"వీడి నాన్న నా పెళ్ళికి మేనా మోశాడు బాబూ. వీడు నీళ్ళు చూడకపోవడమేంటి, పొద్దున్నే లేచి నా మొహం కంటే ముందు దీని మొహమే చూస్తాడు" అని ముందుకి తిరిగారు. తిరుగుతూ, మాట మధ్యలో మజ్జిగలో ఉప్పేసుకున్నంత మామూలుగా చెయ్యి చాచి, డ్యాష్‌బోర్డ్ మీద అటూ ఇటూ జరిగే ఒక చిన్న పుల్లని కుడివైపుకి తోశారు. నేను ఆ సమయంలో సూదినే చూస్తున్నాను. ఆవిడ చేసింది కంటికి ఆనింది గానీ బుర్రకి ఎక్కలేదు.

సామర్లకోట దగ్గరికొచ్చేసరికి సూది కదిలింది. కొంచెం, ఇంకొంచెం. డ్రైవర్ మెడ మీద ఆ ఏసీలోనూ చెమట పట్టింది. నేను అతని భుజం మీద చెయ్యేసి, "నెమ్మదిగా పోనీ, చేరిపోయాం" అన్నాను. పెద్దాపురం చేరి జాతర జనం పక్కన కారు ఆపేసరికి బానెట్ కిందినుంచి ఆవిరి వాసన వచ్చింది. దిగి కారు కిందికి దూరాను. నేల పొడిగా ఉంది. ఇంజిన్ చుట్టూ పొడిగా ఉంది. ఏదో దెయ్యం గొట్టం పెట్టి తాగేసినట్టు రేడియేటర్లో నీళ్ళు లేవు. నా ఇన్నేళ్ళ సర్వీసులో అంత తెల్లమొహం ఎప్పుడూ వెయ్యలేదు.

అప్పుడు పెద్దమ్మగారు కారు దిగి గుడి వైపు నడిచారు. గుడి ముందు సిమెంటు చప్టా ఎండకి తెల్లగా మెరుస్తోంది. అక్కడ కొబ్బరికాయలమ్మే ఒకావిడ ఉన్నట్టుండి, "ఇదేంటండి అమ్మగారూ, కాళ్ళకి పసుపు రాసుకున్నారేంటండీ!" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. పెద్దమ్మగారు ఆగి, కిందికి చూసుకున్నారు. అరికాళ్ళు, వేళ్ళ సందులు, మడమలు పచ్చగా ఉన్నాయి. ఆవిడ నడిచి వచ్చిన దారంతా చప్టా మీద తడి పాదాల ముద్రలు పడ్డాయి, పచ్చగా. మన వైపు ఆవిడ ఈడువాళ్ళకి భర్త పోయాక కాళ్ళకి పసుపు రాసుకోవడమంటే ఎంత మాటో నేను చెప్పక్కర్లేదు. ఆవిడ మొహంలో రక్తం లేదు. డ్రైవర్ పరిగెత్తుకుంటూ వెళ్ళి ఎక్కడినుంచో చెంబుతో నీళ్ళు తెచ్చాడు. "కడుక్కోండమ్మగారూ, కడుక్కోండి" అని వంగబోయాడు.

నేను గట్టిగా అరిచేశాను. "కడగొద్దు! ఆగు!"

ఎందుకు అరిచానో చెప్తాను. మరిడమ్మ గుళ్ళో ఎటు చూసినా పసుపు నీళ్ళే. గుళ్ళోంచి వచ్చేవాళ్ళ కాళ్ళు పచ్చగా ఉంటే వింత లేదు. గుళ్ళోకి ఇంకా వెళ్ళని మనిషి కాళ్ళకి పసుపు ఎక్కడిది? ఆ ముద్రలు గుడి నుంచి రాలేదు, కారు నుంచి వచ్చాయి. మొదటి ముద్ర కారు తలుపు దగ్గరుంది.

డ్రైవర్ని రెక్క పట్టుకున్నాను. "రేడియేటర్లో పసుపేశావా?"

"ఆయ్... పొద్దున్న మీరు కాఫీ తాగుతున్నప్పుడండి. లారీ వాళ్ళు వేస్తారు కదండి, చిల్లుంటే పట్టేస్తుందని. ఇదే ఆఖరు రోజు కదండి. అమ్మగారే వంటింట్లోంచి గుప్పెడు తెచ్చిచ్చారండి."

మిల్లుల ఊళ్ళలో అదొక వైద్యం. రేడియేటర్ కారితే పసుపో తవుడో గుమ్మరిస్తారు, అది వెళ్ళి చిల్లులో కూరుకుంటుందని. చిల్లుతో పాటు మిగతా గొట్టాలూ పూడుకుపోతాయి, తర్వాత మా ప్రాణానికొస్తుంది. ఎంతమందిని తిట్టానో ఆ పని చేసినందుకు. ఆ రోజు మాత్రం వాణ్ణి కౌగలించుకోవాలనిపించింది.

ముందు సీటు కింద రబ్బరు మ్యాట్, దానిమీద డ్రైవర్ వేసిన గోనెపట్టా తీసి అవతల పడేశాను. కింద తివాచీ ముంచి తీసినట్టుంది. అదిమితే పచ్చటి నీళ్ళు ఊరాయి. వేళ్ళకి జిగటగా తగిలాయి. అప్పుడు తల ఎత్తి డ్యాష్‌బోర్డ్ చూశాను. ఒక చివర నీలం గీత, ఇంకో చివర ఎర్ర గీత, మధ్యలో ఆ పుల్ల. ఆ పుల్ల నీలం దగ్గరే ఉంది.

"అమ్మగారూ, వచ్చేటప్పుడు మీరు దీన్ని తోశారు కదండీ?"

ఆవిడ ఇంకా తన కాళ్ళనే చూసుకుంటున్నారు. "అది ఏసీ తగ్గించే పుల్ల కాదూ? ఎక్కాక అటు తోస్తాను, దిగే ముందు ఎక్కడిదక్కడ పెట్టేస్తాను."

"ఎందుకండీ?"

"మోకాళ్ళు బాబూ. ఈ ఏసీ గాలి సూదులు గుచ్చినట్టు గుచ్చుతుంది. అటు తోస్తే కాళ్ళ దగ్గర గోరువెచ్చగా వస్తుంది. మా అబ్బాయికి చెప్పకని వీడి దగ్గర ఒట్టేయించుకున్నాను. నా కోసం కొన్నానని ఊరంతా చెప్పుకున్నాడు పిచ్చినాగన్న. చలేస్తోందిరా అంటే వాడి మొహం ఎలా అయిపోతుంది?"

అది ఏసీ తగ్గించే పుల్ల కాదు, హీటరు. చలిదేశం కారు కదా, ఇంజిన్‌లో కాగిన నీళ్ళని డ్యాష్‌బోర్డ్ వెనక ఒక చిన్న రేడియేటర్లోకి పంపి, ఆ వేడిని కాళ్ళ మీదకి ఊదుతుంది. పుల్ల నీలం దగ్గరుంటే నీళ్ళు అటు వెళ్ళవు. ఎర్ర గీత వైపు తోస్తేనే వెళ్తాయి. గోదావరి జిల్లాల్లో ఎవడు తోస్తాడు దాన్ని? మాలో ఒక్కరికీ అది ఉందన్న ధ్యాసే లేదు. గాలి కొట్టి పరీక్ష చేసినన్నిసార్లూ పుల్ల నీలం దగ్గరే ఉంది, ముల్లు కదల్లేదు. యజమాని గారు వెనక సీట్లో తిరిగినన్నిసార్లూ అక్కడే ఉంది, నీళ్ళు తగ్గలేదు. పెద్దమ్మగారు ఎక్కినప్పుడే ఆ చిన్న రేడియేటర్లోకి నీళ్ళు వెళ్ళి, దాని చిల్లులోంచి ఆవిడ పాదాల కిందకి కారుతున్నాయి. గోనెపట్టా తాగేస్తోంది. ఆ తడి ఎప్పుడైనా కాలికో చేతికో తగిలినా ఏసీ నీళ్ళనుకునేవారు పెద్దమ్మగారూ, డ్రైవరూ. ఇక మా షెడ్డుకి వస్తే చెప్పేదేముంది, ముందు కడిగేస్తాం. కడిగిన కార్లో తివాచీ తడిగా ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం.

ఇంజిన్ చల్లారాక నీళ్ళు పోసి, స్టార్ట్ చేసి, పుల్లని ఎర్ర గీతకి తోశాను. డ్యాష్‌బోర్డ్ కింద తల పెట్టి చూస్తుంటే పచ్చటి చుక్క ఒకటి ఉబ్బి, జారి, నా ముక్కు మీద పడింది. డ్రైవరు అది చూసి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాడు. జాతరకొచ్చిన జనం వింతగా చూస్తూ పోయారు.

"ఇప్పుడు కడుక్కోవచ్చండి" అన్నాను పెద్దమ్మగారితో, నా అరుపుకి నాకే సిగ్గేసి.

ఆవిడ చెంబు వంక చూశారు. ఏడుస్తున్నవాడి వంక చూశారు. "వద్దులే బాబూ. మా వాడు పట్టుకుంటే వదలని రకం. నువ్వు చెప్తే నమ్ముతాడో నమ్మడో. చూస్తే నమ్ముతాడు" అన్నారు. తర్వాత గుడి వైపు తిరిగి, ఎవరినో అడుగుతున్నట్టు, "అమ్మవారి దగ్గరికి పసుపు కాళ్ళతో వెళ్తే తప్పేంటిలే" అని మెల్లిగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళారు. ముద్రలు ఆవిడ వెనకే వెళ్ళాయి.

తిరుగు దారిలో పుల్ల నీలం దగ్గరే ఉంచాం. ఏసీ ఆపించి ఆవిడే అద్దాలు దింపించారు. కాలవ గాలి, ఊడ్పుల బురద వాసన. సూది మండపేట దాకా ఇసుమంత కూడా కదల్లేదు.

మిల్లు ఆవరణలోకి వచ్చేసరికి యజమాని గారు కాటా దగ్గర నిలబడి ఉన్నారు. నేను దిగి చెప్పాను, హీటర్లో చిల్లుందని, అది వేసినప్పుడే నీళ్ళు కారుతున్నాయని.

"హీటరా?" అన్నారాయన. "ఈ ఎండలో హీటరెవరు వేసుకుంటారండీ?"

నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి, "నేనేనండి" అని వినిపించింది. డ్రైవరు. చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. "నేనే తోశానండి. తెలీక తోశానండి." ఇంతసేపూ ఏ ఉద్యోగం కోసం ఏడ్చాడో ఆ ఉద్యోగాన్ని పెద్దమ్మగారికిచ్చిన ఒట్టు కోసం అలా తీసి కింద పెట్టేశాడు.

కారు తలుపు తెరుచుకుంది. పెద్దమ్మగారు దిగారు. ధాన్యం తిరగేస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళలో డ్రైవర్ భార్య కూడా ఉంది. వరండాలో కోడలు గారు ఆగిపోయారు. ఆవిడ ఎవరినీ చూడలేదు. చీర కుచ్చిళ్ళు చీలమండల పైకి ఎత్తిపట్టి కొడుకు ముందు నిలబడ్డారు.

"ఇటు చూడరా. ఈ కాళ్ళు చూడు. ఆ పుల్ల తోసింది నేను. ఆ పసుపు ఇచ్చింది నేను. అది వీడు రేడియేటర్లో పోస్తే నా కాళ్ళకొచ్చింది. వీడి తప్పుంటే నా కాళ్ళ మీదుందేమో వెతుక్కో."

యజమాని గారు ఆ పాదాలు చూశారు. వంగి కార్లోకి చెయ్యి పెట్టి తివాచీ అదిమారు. చేతికంటిన పచ్చదనాన్ని చూసుకుని, మరిచిపోయి తెల్ల పంచెకే తుడుచుకున్నారు. "చలేస్తోందని చెప్పొచ్చు కదమ్మా" అన్నారు, చిన్నపిల్లాడిలా.

"నువ్వంత ముచ్చటపడి కొన్నావు కదరా" అన్నారావిడ.

డ్రైవర్‌కి ఆయన క్షమాపణ చెప్పలేదు. మన వైపు యజమానులు చెప్పరు. అతని దగ్గరికొచ్చి, "ఏరా, అన్నం తిన్నావా?" అన్నారు.

"లేదండి."

"లోపలికెళ్ళి తిను. సాయంత్రం అనపర్తి వెళ్ళాలి, నువ్వే రావాలి."

చప్టా మీద ఒక మనిషి కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ ధాన్యం తిరగెయ్యడం మొదలుపెట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఉప్పుడు ధాన్యం ఆవిరని అప్పుడు అబద్ధం చెప్పుకున్నాను.

కారు మా షెడ్డుకి వచ్చినప్పుడు మా సూపర్‌వైజర్, "మన ఊళ్ళో హీటరెందుకు, అది తీసేసి గొట్టం కలిపేద్దాం" అన్నాడు. అందరూ చేసేది అదే. కానీ అప్పటికే యజమాని గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. హీటరు తియ్యొద్దు, కొత్తది తెప్పించి వెయ్యండి, అమ్మ మోకాళ్ళకి కావాలి. మద్రాసు నుంచి తెప్పించి వేశాం. పసుపు పట్టిన గొట్టాలన్నీ కడగడానికి మా తాతలు దిగొచ్చారు. ఆ రోజు నుంచి నేను చూసేవరకూ ఏ కారు మీదా నీళ్ళు పడనివ్వలేదు. మా సూపర్‌వైజర్ కొన్నాళ్ళు గొణిగి ఊరుకున్నాడు. మీరు ఎంత గొప్ప పరికరమైనా తగిలించుకోండి, కాదనను. దానికంటే ముందు ఆ కార్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, కూర్చుని ఏం చేస్తారో అడగండి. కడిగేది తర్వాత.

కొన్ని నెలల తర్వాత ఆ కారు సర్వీసుకి వచ్చింది. డ్రైవరు నవ్వుతూ దిగాడు. ముందు సీట్లో పెద్దమ్మగారు ఉన్నారు, రాజమండ్రిలో ఏదో పనుండి వచ్చారట. పుల్ల ఎర్ర గీత దగ్గరే ఉంది, ఇప్పుడు దాచక్కర్లేదు కదా. నేను మ్యాట్ ఎత్తి తివాచీ తడిమి చూశాను. పొడిగా ఉంది.

"ఇంక కారదు కదా బాబూ?" అన్నారావిడ.

"జన్మలో కారదండి" అన్నాను గర్వంగా.

"అలాగా" అన్నారు. అని, చెప్పుల్లోంచి పసుపు లేని తన పాదాలు బయటికి తీసి ఓసారి చూసుకుని, మళ్ళీ లోపల పెట్టుకున్నారు.